ఆరు వందల దాకా

కట్టు విప్పడంలో ఆ అమ్మాయిని మించినవాళ్లు ఆసుపత్రి మొత్తంలో లేరని పిన్ని కూడా ఒప్పుకునేది, గొడవ జరగకముందు. మిగతావాళ్లు పట్టీ కొస దొరకబుచ్చుకుని బరబరా లాగేస్తారు. ఈ అమ్మాయి అలా కాదు. కాలి కింద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో పట్టీని చుట్ట చుట్టుకుంటూ విప్పుతుంది. నిలువునా రెండుగా కోసిన గట్టి కట్టులో పై చిప్పని పెట్టె మూతలా ఎత్తి పక్కన పెడుతుంది. ఐదు నెలలుగా ఎండ ముఖం చూడని కాలు బక్కచిక్కి, పొట్టు రాలుతూ, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నదానిలా బయటపడుతుంది. దాన్ని చూడటం పిన్నికి ఇష్టముండదు. పైకప్పుకేసి చూస్తూ ఉంటుంది.

"ఇవాళ షుగరెంత పిన్నిగారూ?"

"నూటనలభై."

"అబ్బో, మొన్నటికంటే ముప్ఫై తగ్గిందే! బిస్కట్లు మానేశారా?"

"నేనెందుకు మానతాను? మా చెల్లెలు దాచేసింది. ఎక్కడ దాచిందో వెతకడానికి కాలేదీ?"

అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆసుపత్రిలో అందరూ ఆమెని లైటమ్మాయి అంటారు. ఈవిడ ఎవరికి పిన్నో మాత్రం ఎవరూ అడగరు. మార్కెట్టు వీధి మలుపులో ముప్ఫై ఏళ్లపాటు ఫొటో స్టూడియో నడిపిన దంపతుల్లో ఆవిడ ఒకరు. "గడ్డం కాస్త పైకెత్తు, కళ్లు ఆర్పకు, ఊపిరి బిగబట్టకు" అని ఆవిడ చేత చెప్పించుకోనివాళ్లు ఆ చుట్టుపక్కల అరుదు. అలా అందరికీ పిన్ని అయిపోయింది.

అమ్మాయి కిటికీ తెరలు లాగింది. అరచేతి వెడల్పున్న నల్లటి పట్టీని విరిగినచోట చుట్టింది. దాని లోపలివైపు చిన్న చిన్న దీపాలు వరసగా కుట్టి ఉంటాయి. పిన్ని కళ్లకి నల్ల కళ్లజోడు తగిలించింది. గోడ పక్కనున్న మిషను మీద నిమిషాల అంకెలున్న బిళ్ల తిప్పింది.

"పది నిమిషాలు. కదలకండి. నేను బయటే ఉంటా."

టక్కుమని చప్పుడు. తర్వాత సన్నగా జుమ్మని మోత. కళ్లజోడు అంచుల్లోంచి ఎర్రటి వెలుగు కొద్దిగా లోపలికి వచ్చింది. పిన్ని గుండె ఎప్పటిలాగే ఒక్కసారి కుదుటపడింది. నలుగురూ ఈ గదంటే భయపడతారు గానీ, ఆవిడకిది పుట్టిల్లు. సగం జీవితం ఈ రంగు వెలుతురులోనే గడిచింది. డార్క్‌రూములో చెక్క అర పైన ఎర్ర బల్బు, దాని కింద మందునీళ్ల ట్రేలు మూడు, పక్కన ఆయన.

మొదటి రోజు ఎముకల డాక్టరు ఈ వైద్యం సంగతి చెబుతుంటే ఆవిడకి సగంలోనే అర్థమైపోయింది. "షుగరున్న ఎముకకి కాస్త బద్ధకం ఎక్కువమ్మా. అతుక్కోవయ్యా అంటే రేపు చూద్దాం అంటుంది. ఈ వెలుతురు దాన్ని తట్టి లేపుతుందేమోనని చూస్తున్నాం. ఇంకా పరీక్షల్లోనే ఉంది, గ్యారంటీ ఇవ్వలేను. ఇరవైసార్లు వేసి చూద్దాం, కుదరకపోతే కాలు కోసి, ప్లేటేసి, నడుం దగ్గరి ఎముక చెక్కి అక్కడ పెట్టాలి. మీ షుగరుతో ఆ ఆపరేషన్ అంటే నాకూ భయమే. ఒక్కటి గుర్తుంచుకోండి. వెలుతురు తక్కువ పడితే లాభం లేదు, ఎక్కువ పడినా లాభం లేదు. కొలత ముఖ్యం."

"తక్కువైతే పాలిపోతుంది, ఎక్కువైతే మాడిపోతుంది. అంతేగా?" అంది పిన్ని.

డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఇందులో ఆశ్చర్యానికేముంది? ఫొటో కాగితం సంగతీ అదే. పన్నెండు లెక్కపెట్టాల్సినచోట ఎనిమిదికే ఆపితే పెళ్లికూతురి ముఖం దయ్యంలా తేలుతుంది.

అందుకని ఆవిడ లెక్కపెట్టేది. కళ్లకి గంతలు కడితే గడియారం కనబడదు, సరే, గడియారమెవడికి కావాలి? నోట్లోనే, పెదాలు మాత్రం కదిలిస్తూ, ఒకటి నుంచి ఆరు వందల దాకా. ట్రేలో కాగితం వేసి ఆవిడ లెక్కపెడుతుంటే ఆయన ట్రే అంచు పట్టుకుని మెల్లగా ఊపుతూ ప్రతి అంకెకీ ఊ కొట్టేవాడు. ఒకటి, ఊ. రెండు, ఊ. అంకె ఆవిడది, ఊ ఆయనది, రెండూ కలిస్తే సరిగ్గా ఒక సెకను. స్టూడియోకి కొత్త గడియారం కొందామని ఎవరో అంటే ఆయన నవ్వి, "మాకు మాట్లాడే గడియారం ఉంది" అనేవాడు.

బెల్లు మోగింది. పిన్ని లెక్క ఆగింది.

నాలుగు వందల ఇరవై ఎనిమిది.

అమ్మాయి వచ్చి కళ్లజోడు తీసింది. పిన్ని ఆమె ముఖంలోకి చూసింది. అమ్మాయి రిజిస్టరు తీసి, తారీఖు పక్కన చక్కటి అక్షరాలతో పది అని రాసింది.

"పదేనా?" అంది పిన్ని.

"పదే పిన్నిగారూ."

ఇది మూడోసారి. మొదటిసారి నాలుగు వందల అరవై. అప్పుడు తనదే పొరపాటనుకుంది. రెండోసారి నాలుగు వందల నలభై. ఇప్పుడిది. ఏడు నిమిషాలు వేసి పది రాసుకుంటోంది ఈ పిల్ల. నవ్వుతూ, షుగరెంత అని అడుగుతూ, మూడు నిమిషాలు మింగేస్తోంది.

*

బయట బెంచీ మీద చెల్లెలు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కాలు విరిగిన దగ్గర్నుంచి అక్కని కనిపెట్టుకుని ఉండటానికి వచ్చింది. ఆవిడ నోరు మూతపడటం ఎవరూ చూడలేదు.

"పద అక్కా, ఆటో వాడు గొణుగుతున్నాడు."

"కూర్చో కాసేపు."

"ఎందుకూ?"

"కూర్చోమన్నానా లేదా?"

తర్వాతి వంతు కాంట్రాక్టరుగారిది. చీలమండ విరిగిన పెద్దమనిషి. చక్రాల కుర్చీలో వచ్చినా ముందూ వెనకా ఇద్దరు మనుషులుంటారు. ఆయన కనబడగానే వార్డు వాళ్లంతా గోడకి జరిగి దారిస్తారు. లైటమ్మాయి ఆయన్ని లోపలికి తీసుకెళ్లి, రెండు నిమిషాల్లో బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడటం మొదలుపెట్టింది.

పిన్ని మోకాలి మీద వేలితో తట్టుకుంటూ లెక్క అందుకుంది. ఒకటి, రెండు, మూడు. చెల్లెలు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. వంద. రెండు వందలు. ఫోనులో అమ్మాయి నవ్వుతోంది. ఆ నవ్వు చూసినకొద్దీ పిన్నికి ఒళ్లు మండిపోతోంది. మూడు వందలు, నాలుగు వందలు. ఇప్పుడు మోగాలి బెల్లు. మోగలేదు. ఐదు వందలు దాటింది. ఆరు వందల మూడు దగ్గర మోగింది.

"చూశావా!" అంది పిన్ని.

"ఏం చూడను? నువ్వు మోకాలు గోక్కుంటుంటే చూశాను."

"ఆయనకి ఆరు వందలు. నాకు నాలుగు వందల ఇరవై ఎనిమిది. కుర్చీ వెనక ఇద్దరు మనుషులుంటే పది నిమిషాలు, నీలాంటిది సంచీ పట్టుకుని కూర్చుంటే ఏడు నిమిషాలు. అదీ ఇక్కడి వైద్యం!"

"నేను సంచీ పట్టుకుంటే నీ కాలికొచ్చిన నష్టమేంటే! అయినా నీ లెక్క తప్పేమో."

ఈ మాట పిన్నికి గుచ్చుకుంది. ఇంట్లో అడుగు పెట్టగానే వాకరు గోడకానించి, వంటింటి కుర్చీలో కూర్చుని, "గోడ గడియారం నువ్వు చూడు. నేను నీ వైపే తిరిగి కూర్చుంటా. నిమిషం కాగానే చెబుతా" అంది.

చెల్లెలు గడియారం కేసి తిరిగింది. పిన్ని కళ్లు పెద్దవి చేసి, చెల్లెలి జడనే గుచ్చి చూస్తూ లెక్కపెట్టింది. "అరవై!"

చెల్లెలు నోరు తెరిచింది. "ముల్లు పన్నెండు మీద ఒక్క గీత దాటిందంతే! అరవై ఒకటి!"

"మరి?" అంది పిన్ని. ఆ ఒక్క మాటలో ముప్ఫై ఏళ్ల గర్వం ఉంది. మరి ఇంకేం? తప్పు తనది కాదని తేలిపోయింది. ఆపరేషన్ బల్ల మీద పడుకోబోయేది తను, మూడు నిమిషాలు మిగుల్చుకుని ఫోన్లో నవ్వేది ఆ పిల్ల. పిన్నికి కోపం కంటే బాధే ఎక్కువైంది, ఎందుకంటే ఆ పిల్ల మీద నిజంగానే ఇష్టం కలిగింది కాబట్టి.

*

బుధవారం పిన్ని అడగాల్సిందేదో ముఖం మీదే అడిగింది. పట్టీ చుడుతున్న చేతిని పట్టుకుని ఆపి, "అమ్మాయ్, నిజం చెప్పు. నాకు ఎన్ని నిమిషాలు వేస్తున్నావు?" అంది.

"పది. ఎందుకు పిన్నిగారూ?"

"కాంట్రాక్టరుగారికి?"

"ఆయనకీ పదే. అందరికీ పదే."

"నేను లెక్కపెట్టుకున్నానమ్మా."

అమ్మాయి మొదట నవ్వబోయింది. పిన్ని ముఖం చూసి నవ్వు దిగమింగుకుంది. "నేనేం ఆపను కదా పిన్నిగారూ, మిషనే ఆగిపోతుంది. బెల్లు కూడా అదే కొడుతుంది."

"మిషనుకి పది అని చెప్పేది నువ్వే. ఏడు అని చెప్పేదీ నువ్వే. అదేమైనా నోరు తెరిచి సాక్ష్యం చెబుతుందా?"

అమ్మాయి ముఖం జేవురించింది. కళ్లజోడు పిన్ని చేతిలో పెట్టింది. ఆ రోజు తను తగిలించలేదు. "పెట్టుకోండి" అంది అంతే. పిన్ని పెట్టుకుంది. ఎర్ర వెలుతురు వచ్చింది. లెక్క మొదలైంది. నాలుగు వందల పంతొమ్మిది దగ్గర బెల్లు మోగింది.

ఇంత మాటన్నాక కూడా! పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. వాకరు టకటకలాడించుకుంటూ నేరుగా వరండా చివరికి వెళ్లింది. అక్కడ బల్ల మీద దారంతో కట్టిన ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది. దుమ్ము దులిపి, నిలబడే రాసింది. లైటు గదిలో పది నిమిషాలు రాసి ఏడు నిమిషాలే వేస్తున్నారు. పలుకుబడి ఉన్నవారికి పది, లేనివారికి ఏడు. నాలుగుసార్లు లెక్కపెట్టి రాస్తున్నాను. కింద సంతకం పెట్టి, పక్కనే మోచేతికి కట్టుతో నిలబడ్డ బస్సు డ్రైవరుని పిలిచింది.

"నీకెంతసేపు వేస్తోందో ఎప్పుడైనా చూశావా?"

"కళ్లకి గంతలు కడతారు కదా పిన్నీ, ఎలా చూస్తాను? అయితే మొన్న తొందరగా అయిపోయినట్టే అనిపించింది."

"అనిపించడమేమిటి? అయిపోయింది. పెట్టు సంతకం."

డ్రైవరు ఎడం చేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు. డాక్టరు పుస్తకం చదివి, రిజిస్టరు తెప్పించి, తల గోక్కున్నాడు. రిజిస్టరులో అన్నీ పదులే. పాత మిషను, ఎంతసేపు వెలిగిందో దాచుకునే తెలివి దానికి లేదు. చూసినవాళ్లు లేరు. ఒకవైపు అమ్మాయి మాట, ఇంకోవైపు రెండు సంతకాలు. అమ్మాయిని పిలిచి తలుపు వేసుకుని ఏం మాట్లాడాడో తెలియదు. బయటికొచ్చేసరికి ఆమె మెడలో వేలాడే లైటు గది తాళంచెవి లేదు. వరండాలో అందరి ముందు నుంచీ తల దించుకుని ఫైళ్ల గదివైపు వెళ్లిపోయింది.

న్యాయం జరిగిందనే అనుకుంది పిన్ని. అయితే ఆటోలో కూర్చున్నాక చెల్లెలు, "ఏమైందే, గెలిచి వచ్చినదానివి అలా ఉన్నావేంటి?" అంటే, "కాలు సలుపుతోంది" అని అబద్ధమాడింది.

*

శుక్రవారం ముందు ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిల్ము ఇంకా పైకెత్తనే లేదు, పిన్ని చెయ్యి చాపి అందుకుని కిటికీకి ఎదురుగా పట్టుకుంది. నెగటివులు చదివిన కళ్లకి ఒకరు చెప్పాలా? పోయిన నెల ఫిల్ములో విరిగిన రెండు అంచుల మధ్య నల్లటి గీత కత్తితో గీసినట్టుండేది. ఇప్పుడా గీత మీద పలచని తెల్లటి మసక. అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే ఆవిరిలా, కానీ తుడిస్తే పోయేది కాదు.

"ఇది..." అంది.

"అదే. కొత్త ఎముక." డాక్టరు ముఖమంతా నవ్వు. "లైటు వల్ల వచ్చిందో, మీ షుగరు దారికొచ్చినందువల్లో, రెండూ కలిసి చేశాయో, ఒట్టేసి చెప్పలేను. మొత్తానికి ఆపరేషన్ మాట పక్కన పెట్టేద్దాం. సోమవారం నుంచి మెల్లగా పాదం నేలకి ఆనించండి."

చెల్లెలు కుర్చీలోంచి లేచి డాక్టరు చేతులు పట్టేసుకుంది. పిన్ని మాత్రం ఫిల్మునే చూస్తోంది. సంతోషమేసింది, ఎందుకు వెయ్యదు? కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. కానీ లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. సగం వెలుతురు పడిన కాగితం మీద ఇంత నిండైన రంగు ఎలా వస్తుంది?

లైటు గదిలో కొత్త మనిషి. వార్డులో మంచాలు సర్దే పెద్దాయన. కట్టు పట్టీ కొస పట్టుకుని బర్రున లాగాడు. పిన్ని పళ్లు బిగబట్టి, "మా చెల్లెలు కూడా లోపలే కూర్చుంటుంది. ఫోనులో టైము చూస్తుంది" అంది. ఆయనకి అభ్యంతరం లేదు. బిళ్ల తిప్పి, టీ తాగడానికి పోయాడు.

జుమ్మని మోత. ఎర్రటి వెలుగు. పిన్ని ఈసారి చెల్లెలికి వినబడేలా గొణుగుతూ లెక్క అందుకుంది. ఒకటి, రెండు.

చెక్క అర, ట్రేలు, మందునీళ్ల పుల్లటి వాసన. ఒక తెల్ల కాగితం ట్రేలోకి జారింది. నలభై దగ్గర మొదట కళ్లు వస్తాయి. ఎవరి ఫొటో అయినా మొదట కళ్లే. ఆ తర్వాత జుట్టు, కనుబొమలు. పెదాలు అన్నిటికంటే చివర. ఆయన ట్రే ఊపుతూ ఒకరోజు అన్నాడు, "చూడు, ఈ పిల్ల మనల్ని చూస్తోంది గానీ ఇంకా నోరు రాలేదు. అందుకే తిట్టలేకపోతోంది." ఆవిడ నవ్వాపుకోలేక లెక్క తప్పింది. ఫొటో నల్లగా మాడింది. "నీ వల్లే" అంటే "కాదు, నీ వల్లే" అన్నాడు. ఆ కాగితాన్నే చాలా రోజులు అరలో దాచుకున్నారు. రెండు వందల పదమూడు. రెండు వందల పద్నాలుగు.

బెల్లు మోగింది. పిన్ని కళ్లజోడు లాగేసింది. "నాలుగు వందల ముప్ఫై ఒకటి! చూశావా, ఈయనా అంతే! ఏడే! ఇక్కడ అందరూ దొంగలే!"

చెల్లెలు మాట్లాడలేదు. చెల్లెలు మాట్లాడకపోవడమనేది జరగని పని కాబట్టి పిన్ని అటు తిరిగి చూసింది. ఫోను ఒళ్లో పెట్టుకుని అక్కనే చూస్తోంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"పది నిమిషాల రెండు సెకన్లే అక్కా."

"నీ ఫోను తప్పు."

"ఫోను తప్పు కాదు. నువ్వు ఆగుతున్నావు." చెల్లెలు దగ్గరికొచ్చి మంచం అంచున కూర్చుంది. "మొదటి వంద బండి బాగానే నడిచింది. తర్వాత అంకె అనడం, ఆగడం. ఎదుటివాళ్లెవరో జవాబు చెప్పాలన్నట్టు ఆగడం. చెప్పాక మళ్లీ ఇంకో అంకె. రెండు వందల పదమూడు దగ్గరైతే పూర్తిగా ఆగిపోయావు. నవ్వావు కూడా. నిద్రలోకి జారావనుకున్నా. కాసేపయ్యాక ఎక్కడ వదిలావో అక్కడినుంచే ఎత్తుకున్నావు."

పిన్నికి ఒక్కక్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. బెంచీ మీద కోపంతో లెక్కపెట్టినప్పుడు ఒక్కతే లెక్కపెట్టింది. వంటింట్లో చెల్లెలి జడ చూస్తూ లెక్కపెట్టినప్పుడూ ఒక్కతే. ఈ ఎర్ర వెలుతురులో మాత్రం అంకె అన్నాక ఆగేది, ఆయన ఊ కొట్టేదాకా. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఊ రావడం ఆలస్యం కాదూ మరి.

"బావేనా?" అంది చెల్లెలు మెల్లగా.

పిన్ని తలూపింది. ఏడుపు రాలేదు. సిగ్గేసింది, చచ్చేంత సిగ్గేసింది. ఆ మూడు నిమిషాలూ ఎవరూ మింగలేదు. ఆయన పక్కన నిలబడి తనే హాయిగా ఖర్చుపెట్టుకుంది. పెట్టుకుని, ఆ దొంగతనం అమ్మాయి మెడకి చుట్టింది.

"కట్టు కట్టించు. డాక్టరుగారు వెళ్లిపోకముందే పోవాలి."

"సోమవారం చెప్పొచ్చులే అక్కా, నీరసంగా ఉన్నావు."

"ఆ పిల్లకి ఈ శనాదివారాలు ఎలా గడుస్తాయే?"

వరండాలో పదిమంది దాకా ఉన్నారు. డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. పిన్ని లోపలికి పోలేదు. ఫిర్యాదుల పుస్తకం దగ్గర ఆగి, తను రాసిన పేజీ తీసింది. దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. కింద కొత్తగా రాస్తూ, రాసే ప్రతి మాటా పైకి చదివింది.

"లైటు గది అమ్మాయి ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. నా లెక్కే తప్పు. ఇవాళ గడియారం పెట్టి చూసుకున్నాను. ఆమె మీద నేను రాసింది అబద్ధం."

బస్సు డ్రైవరు బెంచీ మీంచి లేచాడు. "అదేంటి పిన్నీ! నా చేత కూడా సంతకం పెట్టించావు కదా! నేను నిజమే అనుకుని మూడు రోజుల నుంచి ఆ పిల్లని తిట్టుకుంటున్నాను. మా ఇంట్లో వాళ్లందరికీ చెప్పాను కూడా."

"చెప్పినవాళ్లందరికీ మళ్లీ చెప్పు నాయనా. పిన్నికి మతి పోయిందని చెప్పు. నీ సంతకం నువ్వే కొట్టేసుకో."

డాక్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఇంతమందిలో ఎందుకమ్మా, నాతో ఒక మాట చెబితే నేనే సర్దేవాణ్ణి కదా."

"రాసింది ఇంతమందిలోనే రాశాను."

"ఆ అమ్మాయిది ఏడాది ఒప్పందం. పొడిగింపు కాగితం నా బల్ల మీదే ఉంది. ఏం రాయాలా అని ఆలోచిస్తున్నా."

"ఇదే రాయండి," అంది పిన్ని, పుస్తకాన్ని దారం తెగేంత లాగి ఆయన వైపు తిప్పుతూ.

*

సోమవారం పట్టీ విప్పుతున్న చేతులు పాతవే. కాలి కింద అదే ఆనింపు, అదే చుట్ట. తాళంచెవి మెడలోకి తిరిగి వచ్చింది. అయితే షుగరెంత అని అడగలేదు. పిన్ని తనంతట తనే "నూటముప్ఫై" అంది. అమ్మాయి "సరే మేడం" అంది.

మేడం! పిన్నికి చెంప మీద కొట్టినట్టయింది. తెరలు లాగడం, కళ్లజోడు పెట్టడం, బిళ్ల తిప్పడం అన్నీ పద్ధతిగా జరిగాయి. బిళ్ల ఏ అంకె మీద ఆగిందో పిన్నికి కనబడేలా పక్కకి జరిగి మరీ తిప్పింది. పిన్ని ఆ పది నిమిషాలూ లెక్కపెట్టలేదు. ఆయన దగ్గరికీ పోలేదు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఊపిరి వింటూ పడుకుంది. ఆ అమ్మాయి ఈసారి బయటికి పోలేదు, ఫోనూ తీయలేదు.

బెల్లయ్యాక కట్టు కట్టి, మంచం మీంచి కాళ్లు కిందికి దించి, ఎదురుగా నిలబడింది. "ఇవాళ పాదం ఆనించాలి. డాక్టరుగారు రాశారు."

"అమ్మాయ్."

"చెప్పండి."

"నిన్ను పట్టుకుని అంత మాటన్నాను. క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు."

అమ్మాయి వంగి, పిన్ని పాదానికి చెప్పు తొడిగింది. వంగినప్పుడే అంది, ముఖం కనబడకుండా.

"నా బాధ మీరు రాశారని కాదు పిన్నిగారూ. మా ఇంట్లో వాళ్లు తిట్టారనీ కాదు. మీరంత గట్టిగా అనేసరికి నాకే అనుమానమొచ్చింది. నిజంగానే ఏడుకి తిప్పుతున్నానేమో, చూసుకోవడం లేదేమోనని. గురువారం ఈ గది తాళం అడిగి తీసుకుని, ఒక్కదాన్నే వచ్చి, బిళ్ల పది మీద పెట్టి, గడియారం పట్టుకుని కూర్చున్నా. నాలుగుసార్లు. ఇంటికెళ్లాక మళ్లీ అనుమానం. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. మీరు రాసింది కొట్టేశారని మర్నాడు సాయంత్రం డాక్టరుగారు ఫోను చేసి చెప్పేదాకా అంతే."

ఉద్యోగం పోతుందేమోనని ఏడ్చి ఉంటుందనుకుంది పిన్ని, కానీ ఇలాంటిది తన ఊహకే అందలేదు. ఏం చెప్పాలి? ముప్ఫై ఏళ్లు తన లెక్కని తాను ఒక్కనాడూ అనుమానించని మనిషి, ఇరవై రెండేళ్ల పిల్లకి తన చేతుల్నే అనుమానించడం నేర్పింది.

"లేవండి" అంది అమ్మాయి. ఎడం చెయ్యి పిన్ని నడుం చుట్టూ వేసి, కుడి భుజం ముందుకు వంచింది. "వాకరొద్దు. నా భుజం పట్టుకోండి."

పిన్ని లేచింది. మంచి కాలి మీద కొంగలా నిలబడి, విరిగిన కాలిని గాల్లోనే ఉంచింది. ఐదు నెలల అలవాటు మరి.

"ఆనించండి."

"భయమేస్తోందమ్మా."

"నాకూ వేస్తోంది," అంది అమ్మాయి. "అయినా పట్టుకున్నా కదా."

పిన్ని ముందు వేళ్లు ఆనించింది. తర్వాత పాదం. చెప్పు కింద నేల గట్టిగా, అపరిచితంగా తగిలింది. అక్కడే ఆగిపోయింది. బరువంతా ఇంకా రెండో కాలి మీదే ఉంది, అది ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.

"ఊరికే తాకించడం కాదు పిన్నిగారూ. వెయ్యండి. మొత్తం వెయ్యండి."

"నువ్వు మొయ్యగలవా?"

"మోస్తాను."

పిన్ని ఆ సన్నటి భుజాన్ని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, తన బరువంతా వేసింది. అమ్మాయి చేతులు ఒక్క వెంట్రుకవాసి కూడా జారలేదు.